బుట్ట రేటు

మార్చి 4, మంగళవారం

ఇవాళ నా కొట్టు ప్రపంచం లెక్కల్లోకి ఎక్కింది. గబగబా టైపు చేసేస్తున్నాను, బేరం వస్తే లేవాలి.

పొద్దున షట్టరు ఎత్తి బకెట్లు బయట పేరుస్తుంటే ఒకాయన వచ్చాడు. మెడలో ఆఫీసు కార్డు, చేతిలో కొలతల టేపు, జేబులో అరచేతిలో పట్టేంత త్రాసు. తనిఖీ అనుకుని లైసెన్సు కాగితం వెతకబోయాను. ఆయన మాత్రం, "పది లీటర్ల బకెట్టు కావాలండి. ప్లాస్టిక్‌ది. హ్యాండిలు ఇనుపది ఉండాలి, మూత ఉండకూడదు," అన్నాడు. పద్దెనిమిదేళ్ళుగా ఇంటి సామాన్లు అమ్ముతున్నాను, బకెట్టు కోసం ఇంత వివరంగా అడిగిన మనిషిని చూడలేదు. ఉన్నవాటిలో మంచిది తీసి, తుడిచి, ముందు పెట్టాను.

"నూట ఇరవై. మీకైతే నూట పది."

"నేను కొనట్లేదండి. ధర రాసుకుంటాను, అంతే."

"సరే, నూట ఐదు చేసుకోండి."

ఆయన పెన్ను పక్కన పెట్టేశాడు. "తగ్గించొద్దు, పెంచొద్దు. మామూలు మనిషి మామూలు రోజున వచ్చి ఇలాంటిదే అడిగితే ఎంత తీసుకుంటారో అది చెప్పండి."

"మామూలు మనిషైతే బేరమాడతాడు కదండీ."

కుట్టుమిషను దగ్గర మా ఆవిడ నవ్వింది. ఆయనా నవ్వాడు. కుర్చీ వేశాను. గణాంకాల ఆఫీసట. ఏ దేశపు డబ్బుకి ఎంత సత్తువ ఉందో తేల్చడానికి చాలా దేశాల్లో ఇవే సరుకులకి ఇలాగే ధరలు రాస్తున్నారట. నా బకెట్టు పక్కన ఎక్కడో ఎవరో తెలియని కొట్టాయన బకెట్టు కూడా ఉంటుందన్నమాట.

బ్యాంకులో మారిస్తే తెలిసిపోదా అని అడిగాను.

"బ్యాంకు రేటు డబ్బుకి డబ్బు ఎంతో చెబుతుందండి. ఆ డబ్బుకి ఇంట్లోకి ఏమొస్తుందో చెప్పదు. ఒకటే బుట్ట పట్టుకుని రెండు దేశాల్లో తిరగాలి. ఇక్కడ మూడు వేలకి నిండిన బుట్ట అక్కడ వాళ్ళ డబ్బుల్లో ఎంతకి నిండుతుందో చూడాలి. అదీ అసలు రేటు. కాకపోతే బుట్టలో అదే వస్తువుండాలి, అదే రకం ఉండాలి."

బుట్ట రేటు. ఆ పేరు నేను పెట్టాను, ఆయన పెట్టలేదు.

ఆయన వెళ్ళాక మా ఆవిడ ఆయనకీ పేరు పెట్టింది, టేపాయన అని. నాకు మాత్రం మనసు మనసులో లేదు. పరాయి దేశంలో ఉన్న అక్క చెప్పిన ఉద్యోగం గురించి నెల రోజులుగా ఎటూ తేల్చుకోలేక కొట్టుకుంటున్నాను. తేల్చే పనిముట్టు తనంతట తనే నడిచి కొట్లోకి వచ్చింది.

మార్చి 5, బుధవారం

బ్యాంకు లెక్క ఇది. వాళ్ళ ఒకటికి మన ఇరవై. అక్క పనిచేసే లాండ్రీలో, అదే ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట, నాకిస్తామన్నది నెలకి రెండు వేల వంద. మన డబ్బుల్లో నలభై రెండు వేలు. కొట్టు మీద అన్నీ పోను నాకు మిగిలేది పధ్నాలుగు వేలు. అంటే మూడింతలు. అవునో కాదో ముప్పై ఒకటో తారీఖులోపు చెప్పాలి. నేను అవునంటే ఒకటో తారీఖు నుంచి కొట్టు తీసుకుంటానని పక్క చెప్పుల కొట్టాయన చెప్పులు తొడుక్కుని కూర్చున్నాడు.

ఇక బుట్ట లెక్క చూడాలి.

మార్చి 8, శనివారం

అక్కతో మాట్లాడాను. టేపాయన చెప్పినట్టే ఇరవై నాలుగు సరుకుల జాబితా రాశాను. బ్రెడ్డు, గుడ్లు, బియ్యం, నూనె, సబ్బు, బల్బు, గొడుగు, కుర్చీ, బకెట్టు (అది లేకుండా ఎలా), హెయిర్ కటింగు, బస్సు టికెట్టు, ఇంకా బోలెడు.

"ఏరా, బకెట్టు ధర నీకెందుకు? కొట్టు ఇక్కడ పెడతావా?"

"లెక్క కోసం అక్కా. ఏది ఎంతకి కొంటావో రాసి, ధర చీటీ కనబడేలా ఫోటో తీసి పంపు."

"నీకు లెక్కలెప్పుడొచ్చాయిరా? మూడో ఎక్కం దగ్గర నా ప్రాణం తీశావు."

"అందుకే ఫోటో అడుగుతున్నాను."

నవ్వింది. తొమ్మిదేళ్ళయినా ఆ నవ్వు మారలేదు. అక్కడ ఏ లోటూ లేదురా, వచ్చెయ్యండి, నాకూ తోడుంటుంది అంది. ప్రతిసారీ అదే మాట.

ఈపూట చలిగా ఉంటే అక్క పంపిన జాకెట్టు వేసుకున్నాను. ఎడమ చెయ్యి కాస్త పొడుగు, మడత పెట్టుకుంటే తెలియదు. లేబులు కత్తిరించి పంపుతుంది ఎప్పుడూ. ధర తెలిస్తే నేను గోల చేస్తానని.

మార్చి 11, మంగళవారం

ఫోటోలు వస్తున్నాయి. ఫోను మోగినప్పుడల్లా బేరం వదిలేసి చూస్తున్నాను. ఒకావిడ తాళం కొనడానికి వచ్చి, నా ఫోన్లో బ్రెడ్డు ఫోటో చూసి వెళ్ళింది.

బ్రెడ్డు అక్కడ రెండు. అంటే మన నలభై. ఇక్కడా నలభయ్యే. పరాయి దేశంలో బ్రెడ్డు ఇక్కడి ధరకే దొరుకుతుంటే మనమింకా ఇక్కడేం చేస్తున్నాం.

బస్సు టికెట్టు దగ్గర "నేను నడుస్తాను" అని రాసింది. మంచి అలవాటు. ఆరోగ్యం మీద అక్కకి ఎంత శ్రద్ధో.

హెయిర్ కటింగు దగ్గర "కత్తెర నా దగ్గరుందిగా" అని రాసింది. సున్నా వేసుకున్నాను. అమ్మ పోయాక నా జుట్టు కత్తిరించింది కూడా ఆ కత్తెరతోనే. ఒక చెవి మీద ఎక్కువ, ఒక చెవి మీద తక్కువ.

ఇంకో సంగతి. అక్కడ ధర చీటీలన్నీ పసుపు రంగులో, ఒకే సైజులో, ఒకే చోట అంటించి ఉన్నాయి. పద్ధతంటే అదీ. నేను మార్కరుతో బకెట్టు అడుగున రాస్తాను, ఎవరికీ కనబడదు.

మార్చి 14, శుక్రవారం

లెక్క కూడాను. మూడుసార్లు కూడాను. మా ఆవిడ చేత కూడించాను.

బుట్ట ఇక్కడ మూడు వేలకి నిండింది. అక్కడ వాళ్ళ డబ్బుల్లో నూట ఎనభైకి నిండింది. అంటే వాళ్ళ ఒకటి మన పదహారు ముప్పావుకి కొంచెం తక్కువ సరుకు తెస్తుంది. ఆ లెక్కన అక్కడి జీతం ఇక్కడ నెలకి ముప్పై అయిదు వేలు సంపాదిస్తూ బతికినట్టు. ఇప్పుడు బతుకుతున్నది పధ్నాలుగు వేలతో. రెండున్నర రెట్లు. బ్యాంకు చెప్పినట్టు మూడు కాదు, నిజమే, కానీ ఇది గాలి లెక్క కాదు, గుడ్లూ సబ్బులూ పెట్టి కట్టిన లెక్క.

ఎగిరి గంతేయాలనిపించింది. షాపులో జనం ఉన్నారని ఊరుకున్నాను.

మధ్యాహ్నమే చెప్పుల కొట్టాయనకి మాటిచ్చాను. బయానా చేతిలో పెట్టాడు. "మీరు దేశం దాటుతున్నారు, నేను గోడ దాటుతున్నాను," అన్నాడు. మంచివాడే.

మార్చి 15, శనివారం

నూట ఎనభై. మళ్ళీ కూడాను, నూట ఎనభయ్యే.

మార్చి 18, మంగళవారం

బయానాలోంచి రెండు పెద్ద సూట్‌కేసులు కొన్నాను. చక్రాలు నాలుగు వైపులా తిరుగుతాయి. కొట్లో అటూ ఇటూ తోసి చూపించాను. మా ఆవిడ మిషను ఆపలేదు.

"బస్సుకి సున్నా, కటింగుకి సున్నా. వదిన ఇంట్లో ఇంకెన్ని సున్నాలున్నాయో అడిగారా?"

"పొదుపరి మనిషి. అక్కెప్పుడూ అంతే."

"నేను పొదుపు గురించి అడగలేదండీ."

మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఆమెకి కొత్త చోటంటే భయం. అంతే. వెళ్ళాక సర్దుకుంటుంది.

మార్చి 21, శుక్రవారం

టేపాయన మళ్ళీ వచ్చాడు, బల్బులూ తాళాలూ రాసుకోడానికి. ఈసారి నేను ఒక్క పైసా తగ్గించకుండా చెప్పాను. మెచ్చుకుంటాడని నా బుట్ట లెక్క కూడా చూపించాను. నూట ఎనభై దగ్గర ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు.

"ఆ దేశం ధరలు నాకు కొంచెం తెలుసండి. ఇంత తక్కువ ఉండవు. ఫోటోలున్నాయా?"

ఉన్నాయన్నాను గర్వంగా. ఆయన బ్రెడ్డు ఫోటోని రెండు వేళ్ళతో లాగి పెద్దది చేశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత గుడ్లు. తర్వాత టొమాటో టిన్ను. తర్వాత ఒక్కోటిగా మిగతావన్నీ.

"ఈ పసుపు చీటీ కింద ఇంకో చీటీ ఉంది. తెల్లది. అంచు కనబడుతోంది, చూశారా?"

చూశాను.

"సాయంత్రానికి మిగిలిపోయినవాటికి పసుపుది వేస్తారు. రేపటికి పనికిరానివి, సొట్ట పడ్డవి. ఇది బ్రెడ్డు ధర కాదండి, నిన్నటి బ్రెడ్డు ధర. కుర్చీకి నాలుగో కాలు వేరే రంగులో ఉంది. ఈ సున్నాలైతే అసలు ధరలే కావు. కొనలేదని గుర్తు." నెమ్మదిగా ఫోను తిరిగి ఇచ్చాడు. "వస్తువు అదే ఉండాలి, రకం అదే ఉండాలి. ఇవి పోల్చడానికి పనికిరావు."

"ఒకటో రెండో అలా ఉండుంటాయి."

"ఇరవై రెండు ఫోటోలూ అంతే."

ఫోను జేబులో పెట్టుకున్నాను.

"ఎవరండీ పంపింది? మీ వాళ్ళా?"

"కాదండీ. తెలిసినవాళ్ళు," అన్నాను.

మిషను ఆగింది.

మార్చి 22, శనివారం

సొట్ట టిన్నులో టొమాటో రుచేమీ మారదు. సొట్ట బకెట్లు నేనూ తగ్గించే అమ్ముతాను. కొనేవాళ్ళు తెలివైనవాళ్ళు.

ఎవరు కొంటారో నాకు తెలుసు.

మార్చి 24, సోమవారం

అక్కకి మెసేజి పెట్టాను. "లెక్క తప్పొచ్చింది. పసుపు చీటీలు వద్దు. తెల్ల చీటీల ధర రాయి. నువ్వు కొనకపోయినా సరే." మూడుసార్లు రాసి, రెండుసార్లు కొట్టేసి, మూడోసారి కళ్ళు మూసుకుని పంపాను.

మార్చి 26, బుధవారం

చూసింది. జవాబు లేదు. చెప్పుల కొట్టాయన వచ్చి గోడ ఏ రంగు వేస్తే బాగుంటుందని అడిగాడు.

మార్చి 27, గురువారం

మధ్యాహ్నం అక్కే ఫోను చేసింది.

"నీ జాబితా పట్టుకుని కొట్టంతా తిరిగానురా. ఆ వరసల్లోకి నేనెప్పుడూ పోలేదు. దారి తెలియక ఒకబ్బాయిని అడిగాను. తొమ్మిదేళ్ళ నుంచి వస్తూ గుడ్లెక్కడని అడుగుతుంటే వింతగా చూశాడు."

"అక్కా..."

"ముందు రాసుకో. మళ్ళీ మళ్ళీ చదవను."

చదివింది. బ్రెడ్డు నాలుగు. గుడ్లు ఆరు. బస్సు మూడు. కటింగు పద్దెనిమిది. అక్క గొంతు చిన్నప్పుడు ఎక్కాలు అప్పగించినట్టే ఉంది. నేను రాస్తూ పోయాను. మధ్యలో ఒకావిడ సబ్బు అడిగితే మా ఆవిడ లేచి ఇచ్చింది.

అన్నీ అయ్యాక అంది. "సరిగ్గా ఆరున్నరకి వేస్తార్రా పసుపు చీటీలు. పావుగంట ముందే వెళ్ళి నిలబడాలి. చీటీలు వేసే అమ్మాయికి నేనంటే ఇష్టం, నాకోసం ఒక బ్రెడ్డు వెనక్కి నెట్టి ఉంచుతుంది. అది కూడా ఒక విద్యే, నవ్వకు."

"నవ్వట్లేదు."

"ఒక్కదాన్నే నిలబడతాను కదా. నువ్వొస్తే మాట్లాడుకుంటూ నిలబడొచ్చనుకున్నాను."

నేను కాగితం మీద గీత గీసి కూడడం మొదలుపెట్టాను. తర్వాత అదే మామూలు గొంతుతో, "ఎంతైంది మొత్తం? లెక్క చెప్పు," అంది.

మూడు వందల అరవై. సరిగ్గా రెట్టింపు. వాళ్ళ ఒకటి మన ఎనిమిదింపావు, ఇంకాస్త. జీతం ఇక్కడ పదిహేడున్నర వేలతో బతికినట్టు. అందులోంచి గది అద్దె పోవాలి, ఇక్కడ కొట్టు పైనే ఉంటాం కాబట్టి అద్దె మాటే నా బుర్రకి తట్టలేదు. ఒక్క గదికే ఆరు వందలట. అది తీసేస్తే పన్నెండున్నర. ఇప్పటి పధ్నాలుగు కన్నా తక్కువ.

అక్క విని, "మరి నేను ఇన్నాళ్ళూ బాగానే బతికాను కదరా," అంది.

మార్చి 28, శుక్రవారం

జాకెట్టు తీసి మా ఆవిడ ముందు పెట్టాను. ఎడమ చెయ్యి పట్టుకుని చూసింది, చూడక్కర్లేకపోయినా.

"అర అంగుళం పొడుగు. కుట్టులో తప్పొస్తే ఫ్యాక్టరీ వాళ్ళు లేబులు కత్తిరించి సంతలోకి తోసేస్తారు. నాకు మొదటి రోజే తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"మీరు వేసుకుని అద్దం ముందు అటూ ఇటూ తిరుగుతున్నారు. ఏం చెప్పమంటారు?"

సరిచేసి ఇస్తానంది. వద్దన్నాను.

ఆమె కత్తెర పెట్టేసి నా కాగితం లాక్కుంది. పైనుంచి కిందికి చదివింది. "ఎప్పుడూ ఇటు నుంచి అటే చూస్తున్నారు. ఒకసారి బట్ట తిరగేసి చూడండి. వదినకి పింఛను ఎంతొస్తుంది?"

"పదహారు నెలల తర్వాత మొదలవుతుంది. ఏడు వందలు. అక్కడ ఏడు వందలంటే గది అద్దెకే..."

"అక్కడ సంగతి ఎవరడిగారండీ? వదిన ఇక్కడుండి తెప్పించుకుంటే?"

ఇరవై ఏళ్ళు. కాదు, ఇరవై ఇంటూ ఏడు వందలు. చూడు, తొందరలో ఏదో టైపు అయిపోతోంది. అక్కడ ఖర్చు పెడితే ఏడు వందలూ ఇక్కడి అయిదు వేల ఎనిమిది వందల సరుకే తెస్తాయి. ఇక్కడ ఖర్చు పెడితే బ్యాంకు మార్చి చేతిలో పెట్టేది పధ్నాలుగు వేలు. పధ్నాలుగు వేలు అంటే నా కొట్టు. పద్దెనిమిదేళ్ళ నా కొట్టంత, పని చెయ్యకుండా, నెల నెలా. బుట్ట రేటుకీ బ్యాంకు రేటుకీ మధ్య ఉన్న సందంతా అటు నుంచి ఇటు వచ్చేవాళ్ళది. నేను తప్పు వైపు నుంచి నడవబోయాను.

నాలుగుసార్లు కూడాను. మా ఆవిడ కూడలేదు. "నాకు ముందే తెలుసు, మీరు కూడుకోండి," అంది.

మార్చి 30, ఆదివారం

చెప్పుల కొట్టాయనకి బయానా తిరిగిచ్చాను. సూట్‌కేసుల మేరకి తక్కువైంది, మా ఆవిడ కుట్టుకూలి డబ్బాలోంచి వేసింది. ఆయన కాస్త మొహం ముడుచుకుని, "రంగు కూడా ఎంచుకున్నానండీ," అన్నాడు. సూట్‌కేసులు కొట్టు ముందు పెట్టాను. మామూలు ధరకే.

అక్కకి ఫోను చేశాను. రావట్లేదని చెప్పాను. "తెలుసురా," అంది. అప్పుడు ఆ రెండో లెక్క చెప్పాను. ఊపిరి తీసుకోకుండా చెప్పాను, ఒకచోట ఏడు వందలని ఏడు వేలు చేసేశాను.

"ఆగు. నిదానంగా చెప్పు. నేను అక్కడికొచ్చి ఏం చెయ్యనురా?"

"ఏమీ చెయ్యకు. కొట్లో కూర్చో. తాజా బ్రెడ్డు తిను."

"సొట్ట బకెట్లకి చీటీలు వెయ్యనా? నీకు రాదు కదా ఆ పని."

"వెయ్యి. పసుపు కాగితం తెప్పిస్తాను."

"పదహారు నెలలుందిరా ఇంకా."

"పదహారు నెలలే ఉంది అక్కా."

"ఆలోచిస్తాను," అంది. తర్వాత, "పదహారు నెలలు నన్ను ఇలా ఫోటోలడిగి చంపకు," అంది.

అవుననీ అనలేదు. కాదనీ అనలేదు. పొద్దుటి నుంచి ఏ సరుకు ఎక్కడ పెట్టానో గుర్తుండట్లేదు.

ఏప్రిల్ 2, బుధవారం

మొన్ననే లాండ్రీకి వద్దని రాసేశాను. టేపాయన వచ్చి, తెల్ల చీటీల జాబితా చూసి, ఈసారి బాగుందన్నాడు. ఆ తెలిసినవాళ్ళు ఎలా ఉన్నారని అడిగాడు. మా అక్కండీ, బాగుంది అన్నాను.

ఆయన గొడుగులు కొలుస్తుండగా ఫోను మోగింది. ఫోటో. కొట్లో అర మీదిది కాదు, అక్క వంటగట్టు మీద ఉన్న బ్రెడ్డు. ఒక ముక్క అప్పుడే కోసినట్టుంది. పక్కన చీటీ ఊడదీసి పెట్టింది. తెల్లది. దాని మీద ఇంకేదీ లేదు.

కింద రాసింది. "ఒకటో నంబరు. పొద్దున కాల్చింది, ఇంకా వేడిగా ఉంది. కొన్నాను. రాసుకో."

రాసుకున్నాను. బ్రెడ్డు, నాలుగు.